లోతు చూసేవాడేడి?

తమ్ముడూ,

నీ తుఫాను కథ రెండుసార్లు చదివాను. నాలుగు పేజీల్లో "భీకరం" పదకొండు చోట్ల ఉంది. పెన్సిల్‌తో గీతలు పెట్టి మరీ లెక్కేశాను. కోప్పడకు, నీ వయసులో నేనూ అంతే. నా మొదటి కథలో సముద్రం మూడు పేరాలు ఘోషించింది, మనుషులు మాత్రం గట్టు మీద నిలబడి చూశారు.

ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ వేసిన మంచు తుఫాను బొమ్మ ఒకటుంది. 1842లో లండన్ రాయల్ అకాడమీలో పెట్టాడు, ఇప్పుడు అక్కడి టేట్ గ్యాలరీ వాళ్ల దగ్గరుంది. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను. గోడంత ఉంటుందనుకున్నాను. మూడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, అంతే. మొదట ఏమీ తెలీదు. బూడిద రంగు, మట్టి రంగు, తెలుపు కలిసి గిర్రున సుడి తిరుగుతుంటాయి. నీళ్లెక్కడ అయిపోయాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో పట్టుకోలేం. కాసేపు నిలబడితే మధ్యలో ఉన్న నల్లటి ముద్ద స్టీమరని తెలుస్తుంది. పక్కన తెడ్డుచక్రం, పైన సన్నటి కంబం. పొగ కూడా గాలికి కొట్టుకుపోయి సుడిలో ఓ పాయ అయిపోయింది.

అప్పట్లో ఎవరో దీన్ని సబ్బు నురగ, సున్నం అన్నారు. ఆ మాటకు ముసలాయన ఉడుక్కున్నాడనీ, వీళ్లే ఆ సముద్రంలో ఉండుంటే తెలిసేదన్నాడనీ కళా విమర్శకుడు రస్కిన్ రాశాడు.

బొమ్మ పేరు రైలుబండంత. రేవు ముఖం దగ్గర, లోతు తక్కువ నీళ్లలో, సిగ్నళ్లిస్తూ, సీసం గుండుతో లోతు చూసుకుంటూ పోతున్న ఆవిరి పడవ అని. ఏరియల్ అనే ఓడ హార్విచ్ రేవు వదిలిన రాత్రి తనూ ఈ తుఫానులో ఉన్నానని కూడా తగిలించాడు. నావికులతో కంబానికి కట్టించుకుని నాలుగు గంటలు చూశానని చెప్పుకున్నాడట. అప్పటికి అరవై ఏడేళ్లు! ఆ ఓడ అలా బయల్దేరినట్టు రికార్డు దొరకలేదు. బహుశా కోతే. నాకు ఆ పేచీ లేదు. నువ్వూ తుఫానులో తడిసి రానక్కర్లేదు.

నన్ను పట్టుకున్నది ఆ సీసం గుండు. తాడుకు కట్టి నీళ్లలోకి వదులుతారు. నేల తగిలేసరికి ఎంత తాడు దిగిందో అంత లోతు, మన జాలర్లు బారల్లో చెప్పినట్టే. గుండు అడుగున చిన్న గుంట, అందులో కొవ్వు మెత్తేవారు. ఇసుకో బురదో అంటుకొస్తే కింద ఏముందో తెలిసేది. ఆ పని చేస్తున్న మనిషి బొమ్మలో ఎంత వెతికినా కనబడలేదు నాకు. పేరు చదివాక మాత్రం చలికి కొంకర్లు పోయిన వేళ్లతో తాడు వదులుతూ కళ్లముందు నిలబడ్డాడు.

నీ పడవలో ఆరుగురున్నారు. ఆరుగురూ అరుస్తారు, దేవుణ్ణి తలుచుకుంటారు. ఒక్కడూ నీళ్లు తోడడే? మీ మేనమామ వేటకెళ్తాడన్నావుగా. గాలి తిరిగితే ముందు చెయ్యి దేనిమీదకు పోతుందో అడుగు. ఆయన ఎలా చెబితే అలా రాసుకో, దిద్దకు. ఆ ఒక్క పనీ కథలో పెట్టి, "భీకరం"లు కొట్టేసి చూడు. ఒకటో రెండో మిగిలినా నేనేమీ అనను.

వచ్చే నెల మొదటి వారం ఊళ్లో ఉండను, వాట్సాప్‌లో పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు.