టెంట్‌లో పరుపు కింద తడి రాకుండా ఏం చెయ్యాలి?

పాడేరు దగ్గర వంజంగి కొండ మీద టెంట్‌లో పడుకున్నాం, చినుకు కూడా పడలేదు, అయినా తెల్లారేసరికి పరుపు కింద తడిసిపోయింది, టెంట్ కారుతోందా, ఇంకో టార్పాలిన్ వెయ్యాలా అని అడిగారు. టెంట్ కారట్లేదండి, ఆ నీళ్లు మీవే. నిద్రలో మనం వదిలే ఊపిరి, ఒంటి మీంచి కనపడకుండా పోయే ఆవిరి అంతా కలిపితే రాత్రికి మనిషికి పావు లీటరు దాకా ఉంటుంది. అది టెంట్‌లోనే తిరుగుతుంది, కొంత పరుపులోంచి కిందకి దిగుతుంది, చల్లటి నేల తగలగానే నీరైపోతుంది. ఇంకో టార్పాలిన్ వేస్తే ఒరిగేదేం లేదు, చల్లబడ్డానికి ఇంకో ప్లాస్టిక్ దొరుకుతుంది అంతే.

ఇది మా బావమరిదికి ఎంత చెప్పినా ఎక్కలేదు. సంక్రాంతి ముందు లంబసింగి వెళ్లాం, అది వెయ్యి మీటర్ల ఎత్తు, జనవరిలో సున్నా దగ్గరకి దిగిపోయే ఊరు. వాడు ఆన్‌లైన్లో కొన్న డబుల్ ఎయిర్ బెడ్ తెచ్చాడు, కారు చార్జర్‌కి పంపు తగిలించి ఊదుతుంటే పక్క టెంట్ల పిల్లలంతా చుట్టూ చేరారు. నేను మా నాన్న గొంగళి చుట్టచుట్టి తెస్తే "ఏంటి బావా, గొర్రెలు కాయడానికొచ్చావా" అని నవ్వాడు. సరే నవ్వనీ. క్యాంపు అబ్బాయి వచ్చి చలి రాకూడదని జిప్పులు, కిటికీలు అన్నీ బిగించేసి పోయాడు. మా బావమరిది టెంట్ ముగ్గురికి సరిపోయేది, పడుకుంది నలుగురు. తెల్లవారుజామున ఒకటే కేకలు, టెంట్ కారుతోంది, డబ్బులు వాపస్ ఇవ్వమని. టార్చి వేసి చూస్తే పైకప్పు లోపలివైపంతా చెమట పట్టినట్టు బొట్లు, ఎయిర్ బెడ్ పక్కల నుంచి నీళ్లు జారి కింద మడుగు కట్టాయి. టెంట్ మూల ఒకటి పైకెత్తి, వాడి చెయ్యి పట్టుకుని కింద మట్టిలో పెట్టించా. పొడి మట్టి, వేళ్లకి దుమ్ము అంటుకుంది. నీళ్లు నేల నుంచి వస్తే ఆ మట్టి ఎందుకు పొడిగా ఉంటుంది? అప్పుడు నోరు మూశాడు, కానీ ఎయిర్ బెడ్ మంచిదే అని ఇప్పటికీ అంటాడు.

నన్నడిగితే చలికాలం క్యాంపింగ్‌కి ఎయిర్ బెడ్ అంత దండగ వస్తువు ఇంకోటి లేదు. ప్లాస్టిక్ కాబట్టి ఆవిరి దాన్ని దాటదు, దుప్పటి కిందే చెమ్మగా నిలిచిపోతుంది, పైగా లోపలి గాలి తిరుగుతూ నేల చలిని నేరుగా వీపుకి తెస్తుంది.

చెయ్యాల్సింది నేల చలి పరుపుకి తగలకుండా ఆపడం. పిల్లల గదిలో పరిచే ఫోమ్ పజిల్ మ్యాట్లు ఉంటాయి చూడండి, అవి టెంట్ లోపల పరిచి దాని మీద పరుపు వేస్కోండి, అవి నీళ్లు పీల్చవు, చలిని ఆపుతాయి. ఊళ్లో దొరికితే టెంట్ కిందే వరిగడ్డి మందంగా పరవండి. పైన గొంగళి ఉంటే ఇంకా మంచిది, ఉన్ని చెమ్మ పీల్చుకున్నా తడిగా అనిపించదు. అదే పాత చీరల బొంతైతే ఒకసారి తడిస్తే ఓ పట్టాన ఆరదు. టెంట్ కింద వేసే పట్టా అంచులు బయటకి రాకుండా లోపలికి మడవండి, లేకపోతే మంచు నీళ్లు దాని మీంచి జారి కిందకి చేరతాయి.

ఆ తర్వాత గాలి. ఎదురెదురుగా రెండు కిటికీలు పైవైపు కాస్త తెరిచి ఉంచండి, చలేస్తే ఇంకో స్వెట్టర్ వేస్కోండి కానీ మూసెయ్యకండి. తడి బూట్లు, తడి టవళ్లు బయటే. గ్యాస్ స్టవ్ లోపల వెలిగిస్తే అది మండినంతసేపూ ఆవిరి వదులుతుంది, తడి ఇంకా ఎక్కువవుతుంది. ఇక కొంతమంది బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని పడుకుంటారు, దయచేసి ఆ పని చెయ్యకండి, బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. అద్దెకిచ్చేవాళ్లు కూడా తడి టెంట్‌ని తడిగానే చుట్టేసి సాయంత్రం ఇంకొకళ్లకి అంటగడతారు, లోపలికి వెళ్తే ముక్కవాసన, దానికి వెయ్యి రూపాయలు, డీజే మోత ఫ్రీ.

అన్నట్టు ఇది కొండల మీద గొడవే కాదు. హైదరాబాద్ బ్యాచిలర్ రూముల్లో గ్రానైట్ మీద నేరుగా పరుపేసి నెలలు కదపరు, ఖాళీ చేసే రోజు ఎత్తితే అడుగంతా నల్లటి బూజు. ఓనరేమో నీళ్లు పోశారని అడ్వాన్సులో కోత పెడతాడు, మా తమ్ముడికి అలాగే పెట్టాడు. మంచం కొనే ఉద్దేశం లేకపోతే కింద చెక్క పలకలైనా వెయ్యండి, లేదా రోజూ పొద్దున్నే పరుపు గోడకి నిలబెట్టి ఆఫీసుకెళ్లండి.