ఏ ఫిరంగులో చీటీలో లేదు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

బల్ల మీద ఆడే యుద్ధాల ఆటకి నువ్వు రాసి పంపిన నియమాలు రెండుసార్లు చదివాను. తుపాకుల లెక్కలు, ఫిరంగుల లెక్కలు బాగా కుదిరాయి, వాటి జోలికి పోను. నా అభ్యంతరమంతా సేనాపతి ఆజ్ఞల దగ్గరే. ప్రతి దళానికీ రెండు పాచికలు వేసి, ఏడు దాటితే కదులుతుంది, లేకపోతే నిలబడిపోతుంది అన్నావు. పాతికేళ్ల కిందట నేనూ అలాగే రాశాను. ఒక ఆటలో నా అశ్వదళం వరసగా నాలుగు వంతులపాటు కదల్లేదు. ఎందుకని అడిగితే పాచిక పడలేదనడం తప్ప నా దగ్గర జవాబు లేదు. అది యుద్ధం కాదు నాయనా.

క్రిమియా యుద్ధంలో, 1854 అక్టోబరు 25న బాలక్లావాలో జరిగింది చూడు. బ్రిటిష్ సేనాపతి రాగ్లాన్ కొండ మీద ఉన్నాడు. గట్టు మీది ఫిరంగుల్ని రష్యన్లు పట్టుకుపోతారని అతని భయం. అశ్వదళం ముందుకెళ్లి ఫిరంగులు పోకుండా ఆపాలని చీటీ పంపించాడు. ఏ ఫిరంగులో చీటీలో లేదు. కింద లోయలో ఉన్న అశ్వదళ నాయకుడు లూకన్‌కి అవి కనపడవు. ఏ ఫిరంగులని అడిగితే, చీటీ తెచ్చిన కెప్టెన్ నోలన్ చెయ్యి చాపాడు. ఆ చెయ్యి లోయ చివరనున్న రష్యన్ ఫిరంగుల వైపని అర్థమైంది. ఆరువందల పైచిలుకు రౌతులు నేరుగా వాటి మీదికే వెళ్లారు. నోలన్ మొదట్లోనే చనిపోయాడు. ఇందులో ఆజ్ఞ మీరినవాడు లేడు, జంకినవాడూ లేడు. నీ రెండు పాచికల్లోంచి ఇలాంటిది ఎన్నటికీ పుట్టదు.

బల్ల పక్కన నిలబడ్డ ఆటగాడు ఎప్పుడూ రాగ్లాన్ కొండ మీదే ఉంటాడు. అందుకే ఆజ్ఞను చీటీ మీద రాయించు, ఇరవై మాటలు దాటనివ్వకు. దళాన్ని నడిపే ఆటగాణ్ణి పక్కగదిలో కూర్చోబెట్టు. అతని దళం ఉన్నచోటు నుంచి కనిపించేది మాత్రమే అంపైర్ చెప్పాలి. ఇద్దరే ఆడుతుంటే చీటీని ఎదుటివాడు చదవాలి. రెండు అర్థాలొస్తే అప్పుడు పాచిక వెయ్యి.

చీటీకి ప్రయాణం కూడా ఉంది. 1824లోనే ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో రైస్విట్జ్ అనే సైనికాధికారి, క్రీగ్‌స్పీల్ అనే తన యుద్ధాల ఆటలో ఒక్కో వంతంటే యుద్ధంలో రెండు నిమిషాలని పెట్టి, ఉత్తర్వు చేరే కాలాన్నీ లెక్కలోకి తెచ్చాడు. 1866 జూలై 3న ప్రష్యా, ఆస్ట్రియా తలపడ్డ కోనిగ్రేట్జ్‌లో గెలుపు ఆ కాలం మీదే ఆధారపడింది. టెలిగ్రాఫ్ పనిచెయ్యక, ప్రష్యన్ సేనలు నడిపించే మోల్ట్‌కే ఉత్తర్వు అర్ధరాత్రి గుర్రం మీద బయల్దేరి, తెల్లవారుజామున నాలుగింటికి దూరంగా ఉన్న ప్రష్యా యువరాజుకి అందింది. ఆయన సైన్యం వచ్చి ఆస్ట్రియన్ల కుడిపక్కన విరుచుకుపడేదాకా మిగతా ప్రష్యన్లు నిలదొక్కుకోవాల్సి వచ్చింది. అక్కడే అంతకుముందు ఆస్ట్రియన్ సేనానులు మొలినారీ, తూన్ పైనుంచి ఆజ్ఞ రాకుండానే తమ దళాల్ని స్వీప్ అడవిలోకి లాక్కెళ్లి ఆ పక్కని ఖాళీ చేశారు. అందుకని ప్రతి సేనానికీ ఒక స్వభావం రాసిపెట్టు: ఆజ్ఞ అందేలోపు ఆగేవాడా, దూకేవాడా అని.

ఆట అయ్యాక చీటీలు పారెయ్యకు. ఎక్కడ తప్పామో వాటిలోనే దొరుకుతుంది. దసరాకి వస్తే కోనిగ్రేట్జ్ ఆడదాం. ఆస్ట్రియా నేను తీసుకుంటాను.

మీ పెదనాన్న