క్రియాటినిన్ 0.5కి తగ్గితే కిడ్నీలు బాగున్నట్టేనా?

మీ నాన్నగారికి నాలుగో కీమో తర్వాత క్రియాటినిన్ 0.9 నుంచి 0.5కి దిగింది, కిడ్నీలు బాగుపడ్డట్టేనా అని అడిగారు కదండీ, అలా అనుకుని ఊరుకోకండి. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడగట్టే వ్యర్థం, అది పుట్టేది ముఖ్యంగా కండలోనే, కండ కరిగితే రక్తంలో అదీ తగ్గుతుంది. చిక్కేమిటంటే, ఆ అంకె పట్టుకుని లెక్కేసే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వడగడుతున్నాయో చెప్పే అంచనా) ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కార్బోప్లాటిన్ లాంటి కీమో మందు డోసు కట్టేదేమో కిడ్నీల పనిని బట్టే. కిడ్నీల పని చెప్పే మరో రక్తపరీక్ష, సిస్టాటిన్ సి కూడా చేయిద్దామా అని ఆంకాలజిస్టును అడగండి. దానికి కండతో అంతగా పనిలేదు, కాకపోతే స్టెరాయిడ్లు వాడుతున్నా, థైరాయిడ్ తేడా ఉన్నా మారుతుంది, ఆ సంగతి ముందే చెప్పండి. రక్తంలోని ప్రోటీన్ ఆల్బుమిన్ తగ్గింది తిండి చాలకే అనుకోవద్దు, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా పడిపోతుంది, పక్కన ఆ ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే సీఆర్‌పీ రక్తపరీక్ష చూడాలి.

బరువు మారలేదన్నారు, కండ కరిగినా కాళ్లకు నీరు పడితే అలాగే కనిపిస్తుంది. మా అమ్మ విషయంలో కండ తగ్గిందని బయటపెట్టింది గాజులు, మణికట్టు దగ్గర బిగుతుగా ఉండేవి చెయ్యెత్తితే మోచేతి దాకా జారాయి. మీరు పక్కనే నిలబడి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఆయన ఐదుసార్లు లేవగలరేమో చూడండి. ఈమధ్య తీసిన పొట్ట సీటీ స్కాన్ ఉంటే, మూడో నడుము వెన్నుపూస దగ్గర కండ ఎంతుందో అందులోనే కొలవచ్చు, అదీ అడగండి.