అరబ్బీ నిజంగా వారధేనా? రాజోలు దగ్గర నేను చూసింది చెబుతాను

"డిసెంబరు 18న అరబ్బీ భాషా దినోత్సవం చేస్తారు. ఆ భాష సమాజాలను కలుపుతుందన్న మాటలో నిజమెంత? తెలుగువాళ్లకు దానితో పనేమిటి?" అని అడిగారు. 1973లో అదే తేదీన ఐక్యరాజ్యసమితి అరబ్బీని తన అధికార భాషల్లో చేర్చుకుంది, అందుకే ఆ రోజును ఎంచుకున్నారు. దానితో పనేమిటన్న ప్రశ్న మాత్రం కోనసీమలో ఎవరికీ రాదు. రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు ఏ వీధికి వెళ్లినా గల్ఫులో ఉన్నవారి ఇల్లో, ఉండి వచ్చినవారి ఇల్లో కనిపిస్తుంది. నేనూ కువైట్‌లో ఒక ఇంట్లో ఏళ్ల తరబడి వంట చేశాను.

ఆ ఇంట్లో నాతోపాటు శ్రీలంక అమ్మాయి, ఇథియోపియా అమ్మాయి పనిచేసేవారు. డ్రైవరుది కేరళ. అరబ్బీ మాలో ఎవరి సొంత భాషా కాదు. అయినా మా తగవులు, నవ్వులు, ఇంటి బెంగలు అన్నీ అందులోనే సాగేవి. ఇథియోపియా అమ్మాయి తమ చర్చి ఉపవాసాల్లో మాంసం, పాలు ఎందుకు ముట్టరో నాకు చెప్పింది అరబ్బీలోనే. దినారు రాకముందు, అంటే 1961 వరకు, కువైట్‌లో రూపాయే చెల్లేదని ఆ ఇంటి పెద్దావిడ చెబితే తెలిసింది.

ఇక అసలు సంగతి. కిందటి వేసవిలో మా వీధిలో నాకు వదిన వరసయ్యే ఆవిడ కొడుక్కి ఒక ఏజెంటు డ్రైవరు ఉద్యోగమని చెప్పి, అరబ్బీలో ఉన్న కాగితం ఫోటో పంపాడు. "నీకు వచ్చు కదా, చూడు వదినా" అని ఫోను నా చేతికిచ్చింది. నాకు వచ్చింది మాట్లాడటం. అక్షరాలు రావు. అంకెలు మాత్రం వచ్చు, కూరగాయల దుకాణాల్లో ధరలు చూసి నేర్చుకున్నాను. జీతం 100 దినార్లని ఏజెంటు చెప్పాడు, కాగితంలో 70 ఉంది.

వదినను, పిల్లవాడిని వెంటబెట్టుకుని పక్క ఊరి మసీదు దగ్గర పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పే పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఆయనకు అక్షరం, ఉచ్చారణ నిక్కచ్చిగా వచ్చు. వాడుక మాట రాదు. పైగా ఖురాన్ ప్రతుల్లో అక్షరాల మీదా కిందా జబర్, జేర్, పేష్ గుర్తులుంటాయి కాబట్టి అచ్చు ఏదో తెలుస్తుంది. ఇలాంటి కాగితాల్లో ఆ గుర్తులుండవు. "ఇది ఎటైనా పలకవచ్చమ్మా" అంటూ ఆయన కూడబలుక్కుని చదివారు. నేను నా వంటింటి అరబ్బీతో ఆ శబ్దాన్ని పట్టుకుని అర్థం చెప్పాను. నాకు అందని పుస్తక భాషా మాటలు కొన్ని ఆయనకు ప్రార్థనల ద్వారా తెలుసు. అరుగు మీద చాలాసేపు కూర్చున్నాం. ఆయన భార్య మజ్జిగ తెచ్చి మాతోపాటే కూర్చుంది.

వృత్తి అన్న చోటికి వచ్చేసరికి ఆయన "రాఈ" అని చదివి ఆగారు. "కాపరి కదా ఇది?" అన్నారు. పక్క మాట "గనం" అని పలకగానే నా ఒళ్లు చల్లబడింది. గొర్రెలు. ఎడారిలో గొర్రెల కాపరి పనికి పిల్లవాణ్ణి డ్రైవరని చెప్పి పంపుతున్నారు. వదిన అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ పెద్దాయన లేచి, కండువా వేసుకుని, "పదండి, ఏజెంటు దగ్గరకు నేనూ వస్తాను" అన్నారు. వెళ్లి పాస్‌పోర్టు వెనక్కి తెచ్చారు. కట్టిన డబ్బు మొత్తం మాత్రం రాలేదు.

అరబ్బీ ఒక మతం వారి భాష అనేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. ఈజిప్టు, లెబనాన్ క్రైస్తవులు కూడా చర్చిలో అరబ్బీలో ప్రార్థిస్తారు. ఆ రోజు మసీదు అరుగు మీద బొట్టు పెట్టుకున్న నేనూ, గడ్డం పెంచుకున్న ఆయనా కలిస్తేనే ఒక పూర్తి అరబ్బీ అయింది. దారిలో ఎన్నో ఏళ్లుగా ఎదురుపడుతున్నాం, అంతకుముందు మా మధ్య పలకరింపు కూడా లేదు.

ఇంకో బాధ. అమలాపురంలో ఇంగ్లీషు నేర్పే చోట్లకు లోటు లేదు. ఇంతమంది గల్ఫుకు వెళ్లే ప్రాంతంలో అరబ్బీ నేర్పే చోటు నేనైతే చూడలేదు. మా ఆడవాళ్లు విమానం దిగాక తిట్లు తింటూ నేర్చుకోవాలా? కువైట్ నుంచి వచ్చిందంటే చిన్నచూపు చూసేవారికి, ఆమె ఒక కొత్త భాష నేర్చుకుని వచ్చిందన్న సంగతి ఎందుకు పట్టదు? వీసా మోసాలు చాలావరకు ఆ కాగితం చదవలేకపోవడం వల్లే సాగుతున్నాయని నా గట్టి నమ్మకం.

ఆ పెద్దాయనతో మాట్లాడాను. ఆదివారం సాయంత్రాలు అక్షరాలు ఆయన నేర్పుతారు, మాటలు నేను నేర్పుతాను. రుసుము లేదు. రాజోలు చుట్టుపక్కల వెళ్లబోయేవారు ఉంటే ముందుగా తమ కాగితం తీసుకుని రండి, పాఠం దానితోనే మొదలుపెడతాం.