ఒక్క మూడు స్టార్ల రివ్యూ వచ్చింది, నిద్ర పట్టడం లేదు. ఫ్లాట్ ఇవ్వడం ఆపేయాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివానండీ. కొండాపూర్‌లో ఫ్లాట్‌ని ఎనిమిది నెలలుగా ఎయిర్‌బీఎన్‌బీలో రోజు అద్దెకి ఇస్తున్నారు. 22 రివ్యూలూ ఐదు స్టార్లే. పోయిన వారం 23వది మూడు వచ్చింది. అప్పటి నుంచి అర్ధరాత్రి లేచి ఫోన్ చూసుకుంటున్నారు, ఇంట్లోవాళ్లేమో ఆపేయమంటున్నారు.

ఆ ఒక్క రివ్యూ కోసమైతే ఆపేయొద్దు. కానీ నిద్ర పట్టకపోవడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఏడాదికి పైగా నేనూ అలాగే గడిపాను.

మాది విశాఖపట్నం. సాగర్‌నగర్‌లో మా అబ్బాయి కొన్న ఫ్లాట్ ఉంది. వాడు బెంగళూరులో ఉంటాడు కాబట్టి నాలుగేళ్లుగా నేను, మావారు కలిసి దాన్ని అతిథులకి ఇస్తున్నాం. మొదలుపెట్టిన కొత్తలో ఐదు రివ్యూలు వచ్చాయి, అన్నీ ఐదులే. ఆరో బుకింగ్ మే నెలలో. హైదరాబాద్ నుంచి చంటిపాపతో ఒక జంట వచ్చారు. ఆ రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లు నడుస్తాయి గానీ ఏసీ నడవదు. సముద్రం పక్కన మే నెల ఉక్క మీకు తెలియంది కాదు. మావారు అప్పటికప్పుడు బండి మీద మా ఇంట్లో ఉన్న ఛార్జింగ్ ఫ్యాన్ పట్టుకెళ్లి ఇచ్చొచ్చారు. రెండింటికి కరెంటు వచ్చింది. పొద్దున వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి నా చేతులు పట్టుకుని "ఆంటీ, మీరు చాలా చూసుకున్నారు" అంది. పాపకి బొట్టు పెట్టి పంపించాను.

పన్నెండు రోజుల తర్వాత రివ్యూ వచ్చింది. మూడు స్టార్లు. "రాత్రంతా కరెంటు లేదు" అని ఒక్క వాక్యం. ఫ్యాన్ మాట లేదు. రాత్రంతా కాదు, మూడు గంటలు అని ఎవరికి చెప్పుకోను? అతిథికీ మనకీ రివ్యూ రాయడానికి 14 రోజుల గడువు ఉంటుంది కదా, ఇద్దరూ రాసేదాకా, లేదా గడువు ముగిసేదాకా ఒకరిది ఒకరికి కనిపించదు. వాళ్ల గురించి నేను అప్పటికే ఎంతో బాగా రాసేశాను. డబ్బు పోయినా అంత బాధపడేదాన్ని కాదు. నా ఇంటికి వచ్చినవాళ్లని సరిగా చూసుకోలేదని ఊరందరికీ చాటింపు వేసినట్టు అనిపించింది.

లెక్క ఎవరూ వివరంగా చెప్పరు కాబట్టి నేను చెబుతాను, మీకు కాస్త ఊరటగా ఉంటుంది. అతిథుల్ని బాగా చూసుకునేవాళ్లకి ఎయిర్‌బీఎన్‌బీ ఇచ్చే సూపర్‌హోస్ట్ గుర్తింపుకి సగటు 4.8 ఉండాలి. ఆ 4.8తో పోలిస్తే ఒక్కో ఐదు మన ఖాతాలో 0.2 వేస్తుంది. మూడు వస్తే 1.8 పోతుంది. అంటే ఒక్క మూడుని సరిచేయడానికి తొమ్మిది ఐదులు కావాలి. నాలుగైతే నాలుగు ఐదులు, ఒకటైతే ఏకంగా పందొమ్మిది. నాకు ఆరు రివ్యూల దగ్గరే మూడు పడటంతో 4.67కి దిగిపోయాను. మీది 22 ఐదులు, ఒక మూడు. సగటు 4.91. ఇంకో మూడు వచ్చినా 4.83 దగ్గర ఆగుతుంది. గడచిన 12 నెలల లెక్కని మూడు నెలలకోసారి చూస్తారు. ఇవాళ పడ్డ దెబ్బకి రేపు గుర్తింపు పోదు.

నన్ను ఎక్కువ ఏడిపించింది ఆ మూడు కూడా కాదు, తర్వాత వచ్చిన ఒక నాలుగు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన "కూతురింటికి వచ్చినట్టుంది, చాలా సంతోషం" అని రాసి నాలుగు స్టార్లు ఇచ్చారు. ఆయన మనసులో అది మెచ్చుకోలే. వందకి ఎనభై అంటే డిస్టింక్షన్ అనుకుంటూ పెరిగినవాళ్లం మనం. నూటికి నూరు ఎవరికీ వెయ్యని మాస్టార్ల దగ్గర చదువుకున్నాం. ఆ నాలుగు నాకు నష్టం చేస్తుందని ఆయనకి ఎలా తెలుస్తుంది? పైగా శుభ్రత, వివరాలు ఉన్నదున్నట్టు ఉండటం, తాళాలు తీసుకోవడం, మాట్లాడే తీరు, ఉన్న చోటు, ఇచ్చిన డబ్బుకి తగ్గ విలువ అని ఆరు విడివిడిగా అడుగుతారు. మొత్తం రేటింగ్ వాటి సగటు కాదు, దాన్ని వేరేగా అడుగుతారు. ఆయన ఆరింటికీ ఐదేసి ఇచ్చి, మొత్తానికి నాలుగు ఇచ్చారు. ఆ సంగతి అర్థమయ్యాక కోపం పోయింది.

కానీ అది అర్థమయ్యేలోపు ఇంట్లో చాలా జరిగాయి. రాజమండ్రిలో మా చెల్లెలి కూతురి పెళ్లిలో తలంబ్రాల వేళ ఫోన్ మోగింది. గీజర్ స్విచ్ ఎక్కడుందని ఒక అతిథి అడిగాడు. జవాబు టైప్ చేసి తలెత్తేసరికి తలంబ్రాలు అయిపోయాయి. అయిదు నిమిషాల్లో జవాబు ఇవ్వకపోతే రేటింగ్ పోతుందని నా భయం. నిజానికి సూపర్‌హోస్ట్ లెక్కలో చూసేది కొత్తగా అడిగేవాళ్లకి 24 గంటల్లోపు జవాబిచ్చామా లేదా అన్నదే, అదీ నూటికి తొంభైసార్లు ఇస్తే చాలు. లోపల ఉన్న అతిథికి త్వరగా చెప్పడం మర్యాదే, కాదనను. దానికి నేనే ఉండక్కర్లేదు.

ఇంకో సంగతి చెప్పడానికి ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. బాత్రూంలో వెంట్రుక ఉందని ఒకరు రాస్తే, ఫ్లాట్ శుభ్రం చేసే ఆమె మీద గట్టిగా అరిచాను. మెట్ల మీద, నలుగురి ముందు. ఆమె చీపురు పక్కన పెట్టి "స్టార్లు మీకు, తిట్లు నాకా అమ్మా?" అంది. ఆ రోజు రెండు బుకింగ్‌ల మధ్య ఆమెకి దొరికింది గంటన్నర సమయం. పదకొండింటికి ఒకరు ఖాళీ చేస్తే పన్నెండున్నరకే ఇంకొకరిని రమ్మన్నది నేనే. ఉప్పుగాలికి కుళాయిలు తుప్పు పడితే తోమమన్నదీ నేనే. మర్నాడు ఆమె ఇంటికి వెళ్లి తప్పయిందని చెప్పాను. అప్పటి నుంచి రెండు బుకింగ్‌ల మధ్య నాలుగు గంటలు ఉండి తీరాలి. మరీ హడావుడిగా ఉంటే ఆ రోజు బుకింగే తీసుకోను.

దయచేసి మీరు కూడా చూసుకోండి, ఆ టెన్షన్ మీ దగ్గరే ఆగుతోందా, ఇంట్లో పిల్లల మీదకో పనివాళ్ల మీదకో వెళ్తోందా అని.

నాకు పనికొచ్చినవి చెబుతాను. మా పేజీలో "సీ వ్యూ" అని ఉండేది. బాల్కనీ చివర నిలబడితే సముద్రం ఒక చీలికలా కనిపించే మాట నిజమే, కానీ ఫొటో చూసి వచ్చినవాళ్లు ఆశించేది ఆ చీలిక కాదు. అది తీసేసి "బీచ్‌కి పది నిమిషాల నడక" అని పెట్టాను. కరెంటు పోతే ఏసీ నడవదని, అరకు ఇక్కడికి వంద కిలోమీటర్ల పైనేనని కూడా రాశాను. చివరిది ఎందుకంటే, అరకు దూరమైందని ఉన్న చోటుకి మూడు ఇచ్చినవాళ్లు ఉన్నారు. బుకింగ్‌లు కొంచెం తగ్గాయి. వచ్చినవాళ్లు మాత్రం అన్నీ తెలిసి వస్తున్నారు, ఫిర్యాదులు చాలా తగ్గాయి.

మొదటి రాత్రి తొమ్మిదింటికి "నీళ్లు, ఏసీ, గీజర్ అన్నీ బాగున్నాయా? ఏ లోటున్నా ఇప్పుడే చెప్పండి" అని మెసేజ్ పెడతాను. ఐదు స్టార్లు ఇవ్వమని మాత్రం అడగను. రాత్రి పది తర్వాత అర్జెంటైతే ఫోన్ చేయమంటాం, రోజు విడిచి రోజు మావారు ఎత్తుతారు. నెలలో నాలుగు రోజులు క్యాలెండర్ మూసేస్తాను. ఖాళీ తేదీలు మూసుకుంటే అది క్యాన్సిలేషన్ కింద రాదు.

ఎవరైనా "అద్దె తగ్గించకపోతే ఒక స్టార్ ఇస్తా" అని బెదిరిస్తే ఫోన్‌లో మాట్లాడకండి. ఆ సైట్ మెసేజ్‌లలోనే రాయించుకుని రిపోర్ట్ చేయండి, బెదిరించి రాసిన రివ్యూ నిబంధనలకి విరుద్ధం. మీ మూడు స్టార్లది అలాంటిది కాదు, లిఫ్ట్ పనిచేయలేదని రాశారంటున్నారు. మనకి అన్యాయం అనిపించినంత మాత్రాన తీసెయ్యరు కాబట్టి దాని వెంట తిరగకండి. కింద జవాబు రాయడానికి 30 రోజులు ఉంది. ఆ అతిథికి కాదు, రేపు బుక్ చేయబోయేవాళ్లకి రాయండి. నేను ఇలా రాశాను: "ఆ రాత్రి మూడు గంటలు కరెంటు లేని మాట నిజం. చంటిపాపతో మీరు పడ్డ ఇబ్బందికి బాధపడ్డాం. ఇన్వర్టర్ మీద ఏసీ నడవదని ఇప్పుడు పేజీలో రాశాం." అంతే. దాని మొదటి ప్రతిలో ఛార్జింగ్ ఫ్యాన్ కథంతా ఉంది. మావారు చదివి తీసేయమన్నారు, అదే మంచిదైంది.

ఈ ఫ్లాట్ మీద ఈఎంఐ ఉందని రాశారు. వచ్చే డబ్బంతా దానికే పోతుంటే ప్రతి స్టారూ ఈఎంఐలాగే కనిపిస్తుంది, అది మీ బలహీనత కాదు. కొండాపూర్‌లో ఐటీ ఆఫీసులు దగ్గర కాబట్టి నెలవారీ అద్దెకి మనుషులు దొరుకుతారు. ఒక ఆరు నెలలు అలా ఇచ్చి చూడటం ఓడిపోవడమేమీ కాదు. నెల దాటినా నిద్ర కుదరకపోతే నేనైతే అదే చేస్తాను.

ఈ రాత్రికి నోటిఫికేషన్లు ఆపి, ఫోన్ హాల్లో పెట్టి పడుకోండి. లిఫ్ట్ గురించి జవాబు రేపు పొద్దున రాసుకుని, పోస్ట్ చేసే ముందు ఇక్కడ పెట్టండి. నేను చూసి చెబుతాను.