జీతాలు లెక్కగట్టే కొలువు మా అమ్మాయికి సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చివరి ఏడాది. హెచ్ఆర్‌లో ‘కాంపెన్సేషన్ అండ్ బెనిఫిట్స్’ వైపు వెళ్తానంటోంది. లెక్కల్లో చురుకే గానీ నలుగురిలో పెద్దగా మాట్లాడదు. హెచ్ఆర్‌కి పనికొస్తుందా? – ఒక తల్లి, తెనాలి

జవాబు: హెచ్ఆర్ అనగానే ఇంటర్వ్యూలు, పుట్టినరోజు కేకులే గుర్తొస్తాయి. ఈ విభాగం తీరే వేరండీ. ఏ హోదాకు ఎంత జీతం, బోనస్ ఎవరికెంత, ఆరోగ్య బీమాలో తల్లిదండ్రులనూ చేర్చాలా అన్నవి లెక్కగట్టి యాజమాన్యం ముందు పెట్టేది వీళ్లే. ఖరారైన జీతాన్ని నెలనెలా ఖాతాలో వేయడం పేరోల్ వాళ్ల పని.

ఉదాహరణకు, ఏడాదికి 6 లక్షల సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అని చేరిన కుర్రాడు ‘నెలకు 50 వేలు రావాలిగా?’ అని అడుగుతాడు. నెలకు బేసిక్, అంటే మూల వేతనం 25 వేలనుకోండి. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 3,000. గ్రాట్యుటీ (ఏళ్లపాటు చేసి మానేటప్పుడు ఇచ్చే మొత్తం) కింద 4.81 శాతం, దాదాపు 1,200. ఈ రెండూ సీటీసీలోనే ఉంటాయి. అతని వాటా పీఎఫ్ మరో 3,000, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 42,600 దాకా. అతనికి కోపం రాకుండా ఇది విడమరచి చెప్పగలగాలి. మీ అమ్మాయికి ఆ మాత్రం మాట వస్తే చాలు. పైగా ఆఫీసులో అందరి జీతాలూ తెలిసే సీటది, నోరు అదుపులో పెట్టుకోవడం తప్పనిసరి. ఆ విషయంలో మితభాషులకే మార్కులు!

అయితే ఫ్రెషర్లకు నేరుగా ఈ ఉద్యోగాలు తక్కువే. ముందు పేరోల్‌లో ఒకట్రెండేళ్లు చేస్తే పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే ఆదాయ పన్ను) లెక్కలు చేతికి అలవాటవుతాయి. ఎక్సెల్ మాత్రం క్షుణ్ణంగా రావాలి. ఆపైన హెచ్ఆర్‌లో పీజీకి ముంబయి టిస్, జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్ఆర్ఐ పేరున్నవి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ కూడా ఉంది. విదేశీ సర్టిఫికెట్లు ఖరీదెక్కువ, వాటికి ఇప్పుడే అప్పు చేయకండి. ఇంక్రిమెంట్ల సీజన్‌లో రాత్రిళ్లూ టెన్షన్ తప్పదని కూడా తనకు ముందే చెప్పండి.

ఇంట్లో ఎవరిదైనా పేస్లిప్ ఉంటే తన చేతికిచ్చి, ఒక్కో కోత ఎందుకు పడిందో వెతకమనండి. సాయంత్రానికల్లా విసుక్కుని పక్కన పడేస్తే మరో దారి చూద్దాం.