గట్టు ఎక్కేటప్పుడు ముక్కుతోనే ఊపిరి తీసుకోవడం ఎలా?

కర్నూలులో పొద్దున్నే జగన్నాథగట్టు వైపు నోరు మూసుకుని నడుస్తున్నానని, ఎక్కుడు రాగానే గాలి చాలక నోరు తెరుచుకుంటోందని, ఆగి గట్టిగా ఊపిరి పీలిస్తే తల తిరుగుతోందని అడిగారు. చాలామందికి చిక్కంతా వేగంతోనే. ముక్కు దారి నోటికంటే ఇరుకు. చదును మీద నడిచే వేగంతోనే గట్టు ఎక్కితే అది చాలదు.

గాలి చాలనట్టు అనిపించేది ముఖ్యంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల. ఆ వెలితి కొద్దిగా ఉంటే ఉండనీయండి, రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. రెండు మాటలు కలిపి మాట్లాడలేనంతగా ఉంటే మాత్రం వేగం తగ్గించాల్సిందే. ఆగి నాలుగైదు పెద్ద ఊపిర్లు లాగితే అదే కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పడిపోతుంది. తల తిరిగేది అందుకే.

మొదటి వారం చదును నేల మీదే, అదీ ఐదు నిమిషాలు చాలు. మూడడుగులకు లోపలికి, నాలుగడుగులకు బయటికి. నిమిషానికి 100 అడుగులు వేస్తే 14 ఊపిర్లు పడతాయి. ఆ తర్వాత ఎక్కుడులో రెండడుగులకు లోపలికి, రెండడుగులకు బయటికి. నోరు తెరుచుకోబోతోందని తెలియగానే నిలబడిపోకుండా ఒక నిమిషం సగం వేగానికి దిగండి. లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి. మనసు పెట్టాల్సింది ముక్కు అంచు మీద: లోపలికి వెళ్లే గాలి చల్లగా, బయటికి వచ్చేది వెచ్చగా తగులుతుంది. లారీలు తిరిగే రోడ్డు మీద ఇదంతా వద్దు, అక్కడ చూపూ చెవులూ బండ్ల మీదే ఉండాలి.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. గాలి చాలడం లేదని సర్రుమని పీలుస్తారు. అలా పీల్చేకొద్దీ ముక్కు రెక్కలు లోపలికి అతుక్కుని దారి ఇంకా మూసుకుపోతుంది. చప్పుడు వినబడిందంటే ఎక్కువ లాగుతున్నట్టే. భుజాలు లేవకూడదు, కింది పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి.

ముక్కు పక్కన బుగ్గ మీద వేలు పెట్టి మెల్లగా చెవి వైపు లాగి చూడండి. గాలి ఒక్కసారిగా తేలిగ్గా ఆడిందంటే ముక్కు ముందుభాగం ఇరుకని అర్థం. ఒక రంధ్రం మూసుకుని కొన్ని గంటలకు రెండోది మూసుకోవడం మామూలే, దానికి భయపడొద్దు. ఎప్పుడూ ఒకటే పక్క బిగిసి ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

మన ఎర్రమట్టి దుమ్ముకు ముక్కు ఎండి పొక్కు కడుతుంది. అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ముప్పావు చెంచా ఉప్పు కలిపి కడుక్కోండి. కాచని కొళాయి నీళ్లు ముక్కులోకి పోనీయకండి. దిబ్బడకు వేసే చుక్కల మందు ఐదు రోజులు దాటితే ముక్కు అంతకంటే గట్టిగా బిగుసుకుంటుంది.

ఛాతీలో నొప్పి, పిల్లికూతలు, కళ్లు చీకట్లు కమ్మడం ఉంటే నోరు తెరిచి ఊపిరి తీసుకుని కూర్చోండి, అదే రోజు డాక్టరు దగ్గరికి పోండి.